కాళ్ళందని సీటు

సైకిలు తొక్కడం నేర్చుకోవడానికి కాశయ్యకు చాలా రోజులే పట్టింది గానీ, సీటు ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం ఆయన మొదటిరోజే తేల్చేసుకున్నాడు. దాన్ని గొట్టంలోకి అడుగంటా దింపి, పాదాలు రెండూ నేలకు ఆనుతున్నాయని రెండుసార్లు చూసుకుని, పానా పెట్టి బోల్టు బిగించేశాడు. అట్లా కూర్చుని తొక్కుతుంటే మోకాళ్ళు పొట్టకు తగిలేవి. తర్లగూడ ఆడవాళ్ళు నెత్తిమీది కుండలు దించి మరీ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. వాళ్ళెవరూ ఉసిరివాగు దాటాక వచ్చే ఎక్కుడు మీద ఒంటరిగా పోవాల్సిన వాళ్ళు కాదు.

బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న కాలమది. తర్లగూడ నుంచి భోపాలపట్నానికి తపాలా సంచి చేరవేయడం కాశయ్య పని. ఒకరోజు పోవడం, మర్నాడు తిరిగి రావడం. అంతకుముందు ఆ పని ఆయన అన్న సీతయ్య చేసేవాడు. గజ్జెలు కట్టిన బల్లెం భుజాన వేసుకుని పరుగు మీద పోయేవాడు. ఆ చప్పుడుకు అడవి జంతువులు తప్పుకుంటాయని అందరూ అనేవాళ్ళు. పోయిన మాఘంలో ఒకనాడు ఆ బల్లెం ఒక్కటే దొరికింది. వాగు దాటాక దారి ఎత్తెక్కుతుంది. ఆ ఎక్కుడు పూర్తిగా ఎక్కి తేలకముందే, దారి పక్క గడ్డిలో, సీతయ్యను ఈడ్చుకుపోయిన జాడ కనిపించింది.

ఈడ్చుకుపోయిందేదో చెప్పనక్కర లేదు. అడవిలో దాని పేరు ఎవరూ ఎత్తరు, పెద్దాయన అంటారు. పేరెత్తితే పిలిచినట్టేనట. మనకెందుకు, మనమూ పెద్దాయన అనే అందాం.

పెద్దాయన మనిషిని పట్టిన చోట రాయి పెట్టడం ఆ ప్రాంతపు ఆచారం. ఆ దారిన పోయే ప్రతి మనిషీ అక్కడ ఆగి, వంగి, ఒక రాయో ఒక పచ్చికొమ్మో వేసి పోవాలి. వేయకపోతే పోయినవాడి జీవుడికి నిలకడ ఉండదు. తనను తిన్నదాని మెడ మీదనే ఎక్కి కూర్చుంటాడు. దానికి దారి చూపిస్తాడు. వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తాడు. ఈ నమ్మకంలో దొర్లవాళ్ళకూ కోయవాళ్ళకూ తెలుగు రైతులకూ తేడా లేదు. సీతయ్యకు మొదటి రాయి ఆయన భార్య సోమమ్మ తన చేతులతోనే పెట్టింది. ఆ తర్వాత దారిన పోయేవాళ్ళంతా వేశారు. చూస్తుండగానే అది మోకాలెత్తు కుప్ప అయింది.

ఇప్పపూల కాలంలో ఆ కుప్ప దగ్గరే ఇర్మె అనే ఊరి ఆడమనిషి పోయింది. బుట్ట నెత్తిన పెట్టుకుని నలుగురితో కలిసే వస్తోంది పాపం. మిగతావాళ్ళు రాళ్ళు వేసి నాలుగడుగులు ముందుకు నడిచారు. ఇర్మె రాయి వేయడానికి వంగింది. ముందు నడిచినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే దారి మీద ఇప్పపూలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. తుపాకీ ఉన్న వేటగాడొకడు వచ్చి చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చున్నాడు. అతను ఉన్నన్నాళ్ళూ పెద్దాయన అటు వైపే రాలేదు. అప్పట్నుంచి జనం డప్పు కొట్టుకుంటూ గుంపుగా తప్ప ఆ ఎక్కుడు ఎక్కడం లేదు. తపాలాకు గుంపును ఎవరిస్తారు?

భోపాలపట్నంలో తపాలా చూసే భూషణంబాబు మంచివాడే. కాశయ్య భయం చూసి ఎవరెవరికో చెప్పుకుని ఒక సైకిలు తెప్పించాడు. "పరుగెత్తేవాడిని పట్టుకుంటుంది గానీ, దూసుకుపోయేవాడిని ఏంచేస్తుంది కాశయ్యా?" అన్నాడు. కాశయ్య దణ్ణం పెట్టి సైకిలు తీసుకున్నాడు. దూసుకుపోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. దూసుకుపోతే రాయి ఎట్లా వేయడం? అక్కడున్నది ఎవరో కాదు, సొంత అన్న. అందుకే సీటు దింపాడు. దిగకుండానే రెండు కాళ్ళూ నేలకు ఆనించి ఆగి, హ్యాండిలుకు వేలాడే సంచీలోంచి ఒక రాయి తీసి కుప్ప మీద వేసి, మళ్ళీ తొక్కుకుంటూ పోవచ్చని ఆయన లెక్క.

సైకిలు నేర్పింది ముయా. తాటిచెట్లు గీసి కల్లు తీసే దొర్ల మనిషి, కాశయ్య ఇంటి వెనకే అతని ఇల్లు. గోదావరి అవతల కలప పని చేస్తున్నప్పుడు ఎవరిదో సైకిలు తొక్కడం నేర్చాడు. శిష్యుడు కూర్చునే తీరు చూసి అతనికి ఒళ్ళు మండేది.

"గిదేం తొక్కుడు కాశన్నా? కప్ప కూసున్నట్టు కూసున్నవ్."

"కప్పకు కాళ్ళు నేలమీద ఉంటయిరా. నేల విడిచి సాము నాతోని గాదు."

"మోకాళ్ళు మండుతలేవా?"

మండుతున్నాయి. చిప్పల కింద నిప్పు పెట్టినట్టుంది. ఇల్లు చేరాక సోమమ్మ ఆముదం వేడి చేసి ఇస్తే రాసుకుని మూలుగుతూ పడుకుంటున్నాడు. ఎక్కుడు దగ్గర అయితే మరీ ఘోరం. ముడుచుకున్న కాళ్ళలో బలం ఎక్కడిది? చక్రం ఒక చుట్టు తిరగడానికి ఆయన ఊపిరి మూడుసార్లు ఆగేది. నడిచి ఎక్కేవాడు ఇంతకంటే ముందే చేరతాడు.

"సీటు పైకి లేపు," అన్నాడు ముయా. "మడమ పెట్టి తొక్కి చూడు. కింది దాకా పోయినప్పుడు కాలు బారుగ సాగాలె. గదే కొలత. తాడిచెట్టెక్కేటప్పుడు నేను కాలు సాపి లేస్తేనే గదా పైకి పోయేది! ముడుసుకొని ఉంటే ఆడనే వేలాడుడు."

"సాగితే మరి నేలకు అందవు గదరా. ఆగేదెట్ల?"

"ఆగకు."

"మా అన్నకు రాయి?"

ముయా కల్లుకుండ పక్కన పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇర్మె ఎట్ల పోయింది కాశన్నా? రాయి వేస్తందుకు వంగింది. అందరం అక్కడ్నే ఆగుతం, అక్కడ్నే వంగుతం. పెద్దాయనకు తెల్వదా? మనమే నేర్పినం దానికి."

అది కాశయ్యకు తెలియని సంగతి కాదు. రోజూ ఆ కుప్ప ముందు కాలు ఆనించినప్పుడల్లా మెడ వెనక అదే మాట పాకుతూ ఉండేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అన్నట్టు, ముయా నోరు తెరిచి అనేసరికి ఆయనకు కోపం వచ్చింది. "నీ అన్న అయితే తెలిసేది," అని విసురుగా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆగితే పెద్దాయన, ఆగకపోతే అన్న. ఒకటి ప్రాణం తీసేది, ఇంకొకటి పేరు పెట్టి పిలిచేది. రెండింటిలో ఏదంటే ఎక్కువ భయమని అడిగితే కాశయ్య చెప్పలేడు. పోనీ రాయి వేయడమే మానేద్దామంటే, ఇంటికి వచ్చాక సోమమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది.

"రాయి వేసినవా?"

"వేసిన వదినా."

అప్పుడు గానీ ఆమె కంచం ముందు కూర్చునేది కాదు. కాశయ్య భోపాలపట్నంలో ఉండిపోయే రోజుల్లో గంజి తాగి పడుకునేది. ఆయన పెళ్ళాం పురిట్లోనే పోయింది, సోమమ్మకు పిల్లలు లేరు, ఆ ఇంట్లో ఇక మిగిలింది వాళ్ళిద్దరే. అన్న ఉన్నప్పుడు ఎట్లా వండిపెట్టేదో ఇప్పుడూ అట్లాగే పెడుతోంది. ఆమెకు అబద్ధం చెప్పడం కాశయ్యకు చేతకాదు.

వానలు వెనకబట్టాయి. ఎక్కుడుకు రెండు పక్కలా గడ్డి నిలువెత్తు పెరిగింది. ఆ పొద్దున కాశయ్య సైకిలు ఎత్తుకుని ఉసిరివాగు దాటి, అవతలి ఒడ్డున కూర్చుని కాళ్ళు తుడుచుకున్నాడు. నిజానికి తడి ఎప్పుడో ఆరిపోయింది. లేవబుద్ధి కాక తుడుచుకున్నాడు. చివరికి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని సైకిలెక్కాడు. మోకాళ్ళు పొట్టలో పొడుస్తున్నాయి, చైను కిర్రుమంటోంది, వెనక కట్టిన తపాలా సంచి అటూ ఇటూ ఊగుతోంది. కుప్ప దగ్గరకు చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

రెండు పాదాలూ నేలకు ఆనించాడు. సంచీలో చెయ్యి పెట్టి రాయి తీశాడు. "అన్నా, నేనే," అన్నాడు రోజూ అనేమాటే. రాయి కుప్ప మీద పడి టక్కుమని జారింది.

ఆ టక్కుమన్న చప్పుడు ఎంత పెద్దగా వినిపించిందో అప్పుడు తెలిసింది ఆయనకు. పిట్టల అరుపు లేదు. పొద్దున్నే గోలచేసే అడవికోళ్ళు లేవు. గాలి లేకుండానే ఎక్కడినుంచో మురుగు వాసన, తడి కుక్క దగ్గర వచ్చేలాంటిది, వచ్చి ముక్కుకు తగిలింది. కుప్ప వెనక గడ్డి పచ్చగా ఉంది. అందులో ఒకచోట పచ్చగా లేదు. కాశయ్య అటు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి అందులో ఒక కన్ను తెరుచుకుంది.

పైప్రాణాలు పైనే పోయాయి. కేక వేయాలనుకున్నాడు, గొంతు లేదు. కాలెత్తి పెడలు మీద పెట్టి నొక్కాడు. ముడుచుకున్న కాలు నొక్కిందేమీ లేదు. ఎక్కుడు మీద సైకిలు అర చుట్టు ముందుకు జరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మోకాలు హ్యాండిలుకు కొట్టుకుని సైకిలు వంకర తిరిగింది. ఇక నడుద్దామని రెండు కాళ్ళూ నేలకు ఆనించి నెట్టుకుంటూ పోబోతే, పెడలు తిరిగి పిక్క మీద తన్నింది. ఏ నేలను నమ్ముకుని సీటు దింపాడో ఆ నేలే ఆయన్ను పట్టుకుని వదలడం లేదు. పెద్దాయనకు మాత్రం తొందర లేదు. గడ్డిలోంచి లేచి, ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుంది.

ఆ కాస్త దూరం ఎట్లా ఎక్కాడో కాశయ్యకు తర్వాత ఎన్నడూ గుర్తు రాలేదు. ఎక్కుడు తేలి చక్రం పల్లానికి తిరిగిన క్షణం మాత్రం గుర్తుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో కూలబడ్డంత బరువు పడి, సైకిలు గిలగిల్లాడి, ఏదో పర్రుమని చిరిగింది. బరువు జారిపోయింది. కాళ్ళు పైకెత్తుకుని, కళ్ళు మూసుకుని పల్లం వెంట సైకిలు ఎటు పోతే అటు పోయాడు.

భోపాలపట్నంలో భూషణంబాబు తపాలా సంచి అందుకుని తిరగేసి చూశాడు. మందపాటి తోలు ఒక పక్కంతా చీరుకుపోయి ఉంది. "ఇదేంటి కాశయ్యా?" అని అడిగాడు. కాశయ్య జవాబు చెప్పబోయి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు ఉప్పుబండ్ల వాళ్ళు గుంపుగా పోతుంటే వాళ్ళ మధ్యలో సైకిలు నడిపించుకుంటూ ఇంటికి చేరాడు. సోమమ్మ గుమ్మంలో నిలబడి అలవాటుగా అడిగింది.

"రాయి వేసినవా?"

"వేసిన," అన్నాడు కాశయ్య. సైకిలు గోడకు ఆనించి, ఆనించిన చోటే కూలబడి, జరిగిందంతా చెప్పాడు. సోమమ్మ కదలకుండా విన్నది. గుమ్మం దిగి వెళ్ళి వెనకచక్రం మీది రేకును చేత్తో తడిమింది. రేకు మీద గోళ్ళు దిగిన చోట్ల రంగు లేచిపోయి ఉంది. ఒక్కో గీతలో ఒక్కో వేలు పెట్టి చూసింది. ఆ పూట ఆమె కంచం ముందు కూర్చోలేదు.

"కాశయ్యా," అంది. "ఆడ మొదటి రాయి పెట్టింది నేను."

"అందరూ పెడ్తరు గద వదినా."

"ఇర్మె నా రాయి మీద రాయి పెడ్తందుకు వంగింది. నువ్వు నా మాటకు ఆగినవ్. ముయా నాతోని గూడ అన్నడు, నేను ఇనలే. ఇంట్ల కూసుని రోజూ నిన్ను దాని ముంగట ఆపుతున్నది నేనే."

అట్లా కాదు వదినా అనాలని కాశయ్యకు నోటిదాకా వచ్చింది. ఆ కన్ను తెరుచుకోవడం గుర్తుకొచ్చి మాట ఆగిపోయింది. సోమమ్మ కళ్ళొత్తుకుని, చూరులో దోపి ఉన్న పానా తీసుకుని ముయా ఇంటికి నడిచింది.

తెల్లారి ముగ్గురూ సైకిలు చుట్టూ చేరారు. బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ముయా ఆముదం పోసి, రాయితో తట్టి, కిందామీదా పడి వదులు చేశాడు. సీటు పైకి లాగి బిగించాడు. కాశయ్యను ఎక్కించి సోమమ్మ వెనక నుంచి రెండు చేతులతో సీటు పట్టుకుంది. ఇంటి ముందు అటూ ఇటూ తొక్కిస్తే ఆయన నడుము బాతు నడకలాగా అటొకసారి ఇటొకసారి జారింది.

"ఎక్కువైంది," అన్నాడు ముయా. వేలెడు దింపాడు. "ఇప్పుడు మడమ పెట్టు. తొక్కు. కిందికి పోనీ. ఆ!"

కాలు బారుగా సాగింది. మడమ తీసి పాదం ముందుభాగం పెడలు మీద పెడితే మోకాలు రవ్వంత వంగింది. ఒక్క తొక్కుకే సైకిలు సోమమ్మ చేతుల్ని లాక్కుంటూ ముందుకు పోయింది. మోకాళ్ళలో నిప్పు లేదు. ఇన్నాళ్ళూ ఈ బలమంతా తన కాళ్ళలోనే ఉందా అని కాశయ్యకు ఆశ్చర్యమేసింది. కిందికి చూసేసరికి ఆశ్చర్యం కాస్తా పోయి మళ్ళీ భయం పట్టుకుంది. నేల ఎక్కడో ఉంది. కాలు ఎంత చాపినా దుమ్మును కూడా తాకడం లేదు.

"నాతోని గాదు వదినా. ఆగలేను."

"ఆగొద్దనే గద!"

"పిలుస్తడు వదినా. అన్న పిలుస్తడు."

"పిలువనియ్యి." సోమమ్మ సీటును ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆయన సంగతి నేను సూసుకుంట. నాకు నువ్వు ఇంటికి రావాలె."

హ్యాండిలుకు వేలాడే సంచీలో కాశయ్య అలవాటుగా వేసుకున్న రాళ్ళున్నాయి. సోమమ్మ సంచీ విప్పి, ఒక్కటీ మిగలకుండా తీసి, కొంగులో మూటగట్టుకుంది. తపాలా సంచిని ముయా వెనక గట్టిగా కట్టాడు. ఒకరు హ్యాండిలు, ఒకరు సీటు పట్టుకుని ఊరి చివరిదాకా పరుగెత్తి వదిలారు.

వాగు దగ్గర దిగి దాటాడు. అవతల ఒక పుట్టను ఎక్కి, అక్కణ్ణుంచి సీటు మీదికి జారి, తొక్కు మొదలుపెట్టాడు. ఈసారి కాళ్ళు తుడుచుకోలేదు. కూర్చుంటే లేవలేడని ఆయనకు తెలుసు. ఎక్కుడు వచ్చింది. సైకిలు ఎక్కుతోంది. ఊపిరి అందుతోంది, కాళ్ళు సాగుతున్నాయి, చక్రం ఆగడం లేదు. బలం ఉంటే భయం ఉండదని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఆ ఎక్కుడు ఎక్కి ఉండరు. ముందు కుప్ప కనిపించింది. మొన్నటి రాయి జారిన చోటే ఉంది. గడ్డి పచ్చగా ఉంది, అంతటా పచ్చగానే ఉందా లేదా అని కాశయ్య చూడలేదు. హ్యాండిలు మధ్యనే చూపు నిలిపి తొక్కాడు.

కుప్ప పక్కకు రాగానే ఆయన కుడికాలు తనంతట తానే పెడలు వదిలేసింది. ఇన్నాళ్ళ అలవాటు, నేలకోసం కిందికి చాపుకుంది. నేల లేదు. కాలు గాలిలో వెతికింది, సైకిలు కుప్ప వైపు ఒరిగింది. పడితే పడేది ఆ రాళ్ళ మీదే. ఎట్లాగో పెడలు మళ్ళీ పాదానికి దొరికింది. తొక్కాడు.

అప్పుడు వినిపించింది.

"కాశీ!"

చిన్నప్పుడు పొద్దుగూకాక చేలోంచి ఇంటికి పిలిచిన గొంతే. ఆ పేరుతో ఆయన్ను పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. నెమలి అరిచిందో, ఆ వెనక ఇంకేమన్నా ఉండి మూలిగిందో, భయమే పేరు పెట్టి పిలిచిందో ఎవరు చెప్పగలరు? కాశయ్యకు మాత్రం అది అన్నే. కళ్ళనిండా నీళ్ళు కమ్మి దారి కనిపించలేదు. తిరిగి చూడలేదు. తొక్కుతూనే, చిన్నపిల్లాడిలా గొంతు పగిలేలా ఏడ్చాడు.

"అన్నా, కాళ్ళందుతలేవే! ఆగుదామంటే కాళ్ళు నేలకు అందుతలేవే అన్నా!"

ఎక్కుడు తేలింది. చక్రం పల్లానికి తిరిగింది. బతికున్నప్పుడు సీతయ్య, తమ్ముడు కారణం చెప్పుకుంటే ఇంకో మాట అనేవాడు కాదు. రెండో పిలుపు రాలేదు. అయినా కాశయ్య భోపాలపట్నం ఇళ్ళు కనిపించేదాకా అదే మాట వెనక్కి చెప్పుకుంటూ, వణుకుతూ, ఆగకుండా తొక్కుతూనే పోయాడు.